రెండు కొత్త టైర్లు

ఏప్రిల్ 9

తమ్ముడూ,

నువ్వు ఫోనెత్తితే "ఆఁ? ఏంటీ?" తప్ప ఇంకో మాట రాదు. మెసేజ్ పెడితే అక్షరాలు చిన్నగా ఉన్నాయంటావు. అందుకే ఇదిగో, ఒకటో క్లాసు పిల్లలా ఇంతింత అక్షరాలతో కాగితం మీద రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు టైర్ల షాపులో ఆ కంప్రెసర్ పక్కన నిలబడి చెవులు పాడుచేసుకున్నది నువ్వు, చెయ్యి నొప్పి మాత్రం నాకు.

అసలు సంగతేమిటంటే, నిన్న పెట్రోలు బంకులో మా వెనక ఆగిన పెద్దమనిషి కారు దిగొచ్చి, "అమ్మా, మీ ముందు టైర్లు గుండు కొట్టించినట్టున్నాయి, చూసుకోండి" అన్నాడు. దిగి చూస్తే నిజమే. మీ బావ కూడా వంగి, చేత్తో తడిమి చూసి, "నేత పోయింది, మాసికకి కూడా పనికిరాదు" అని తేల్చేశారు. ఆయనకి లోకంలో ఉన్నదంతా గుడ్డే కదా.

కారు ఆగితే మా షాపు ఆగినట్టే. పొద్దున్నే ఆయన్నీ తానుల్నీ ఎక్కించుకుని ఊరి ఆ చివరికి వెళ్ళాలి. ఆయన బల్ల దగ్గర నిలబడి ఆసుపత్రి కోట్లు కత్తిరిస్తారు, నేను కాజాలూ గుండీలూ చూసుకుంటాను. డ్రైవింగ్ మాత్రం నాదే. బట్ట మీద సుద్దగీత తప్ప రోడ్డు మీద గీత ఆయనకి కనపడదు.

టైరు మీద చూస్తే బోలెడు అంకెలున్నాయి. ఏవి పట్టుకెళ్ళి షాపులో చెప్పాలి? ఏ సైజు వేయించాలి? నువ్వుండగా ఇంకొకళ్ళని అడగడం ఎందుకని నీకే రాస్తున్నాను. మరదల్ని అడిగానని చెప్పు.

నీ అక్క

ఏప్రిల్ 15

అక్కా,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. రిటైరయ్యాక నన్ను టైరు గురించి అడిగినవాళ్ళు లేరు. మా ఆవిడైతే "ఇంట్లో ఆ రబ్బరు కబుర్లు ఎత్తారంటే ఊరుకోను" అంటుంది.

నీ కారుకి 185/65 R15 ఉంటుంది. అయినా నా మాట కాదు, డ్రైవరు తలుపు తెరిస్తే పక్క చట్రం మీద ఒక స్టిక్కరుంటుంది, అందులో ఏముందో అదే ఖాయం. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు పక్కగోడ ఎత్తు, వెడల్పులో నూటికి అరవై అయిదు వంతులన్నమాట. 15 లోపలి రిమ్ము కొలత, అంగుళాల్లో. బావకి ఛాతీ, పొడుగు, మెడ అని చెప్పు, ఇట్టే పట్టేస్తారు.

ఇంకొకటి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. అది దాని పుట్టినరోజు. ఆరేడేళ్ళు దాటితే అరగకపోయినా రబ్బరు బిరుసెక్కుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. నాలుగింటివీ చూసి రాయి. నాకు తెలిసి నాలుగూ మార్చాల్సి ఉంటుంది.

నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి ఒకటే చెప్పేవాణ్ణి: కారు మొత్తం నేలని తాకేది నాలుగు అరచేతులంత చోటే. మిగతా ఇంజనూ సీట్లూ పాటలూ అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదే కూర్చుంటాయి.

వెంటనే రాయి.

నీ తమ్ముడు

ఏప్రిల్ 21

తమ్ముడూ,

మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నాలుగింటి మీదా 2216 అనే ఉంది. అంటే ఎనిమిదేళ్ళు. వెనకవాటి మీద గాడులు ఇంకా సగం లోతు ఉన్నాయి.

వీధి చివరి షాపుకి వెళ్ళాం. అతను 205 వేసుకోండి, బండి నిండుగా, దర్జాగా కనిపిస్తుంది అంటాడు. నాలుగూ మార్చాలని అతనూ అన్నాడు. మీ బావకి ఒళ్ళు మండింది. "టైర్ల వాళ్ళంతా ఇంతే. రెండు అరిగితే నాలుగు అంటగట్టాలని చూస్తారు. ఎన్నేళ్ళుగా చూట్టంలేదూ" అన్నారు. వెనకవి బాగానే ఉన్నాయి కదా, ముందు రెండు మారిస్తే చాలదా అని ఆయన ఉద్దేశం. నాకూ అదే అనిపిస్తోంది. 205 సంగతేమిటి? నువ్వేమంటావు?

పక్కింటావిడ కుట్టుమిషను అమ్మేస్తోంది. నన్ను కొనమంటోంది. ఇంట్లో కూడా గుండీలు కుట్టమంటుందా ఏమిటి, ఖర్మ.

నీ అక్క

ఏప్రిల్ 29

అక్కకి,

ఉత్తరం అందింది.

205 వద్దు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకుంటుంది, మీటరు కూడా అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. స్టిక్కరు మీదున్న సైజే వేయించండి. రెండు చాలనుకుంటే రెండే వేయించుకోండి. బావకి ఎలా నచ్చితే అలా.

ఇక్కడ అందరం క్షేమం.

నీ తమ్ముడు

మే 12

తమ్ముడూ,

ఏమిట్రా ఆ ఉత్తరం, టెలిగ్రాం లాగ! జ్వరమేమన్నా వచ్చిందా? లేక మరదలితో పోట్లాడి ఆ కోపంలో రాశావా? ఆవిణ్ణి ఏడిపిస్తే ఊరుకోను, చెబుతున్నా.

రెండు కొత్తవి వేయించేశాం. నువ్వు చెప్పిన సైజే. షాపతను మళ్ళీ 205 అన్నాడు, "మా తమ్ముడు వద్దన్నాడు, ఇక మాట్లాడకండి" అన్నాను. బండి ఎంత మెత్తగా పోతోందో! స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతోంది. మీ బావ పక్కన కూర్చుని కునుకు కూడా తీస్తున్నారు. నీ పేరు చెప్పుకుని తిరుగుతున్నాం.

ఈసారి కాస్త పెద్ద ఉత్తరం రాయి.

నీ అక్క

జూన్ 20

తమ్ముడూ,

మరదలికి ఫోన్లో చెప్పాను, నీకు చెప్పే ఉంటుంది. నా అంతట నేను నీకు రాయాలని ఇవాళ కూర్చున్నాను.

ఆరో తారీఖు పొద్దున. మొదటి వాన. గోడౌన్ల పక్కన రోడ్డు ఎడమకి తిరుగుతుంది చూడు, నువ్వు వచ్చినప్పుడు అక్కడ టీ తాగాం. నేను వేగంగా పోలేదు, ఒట్టు. ఎదర లారీ ఆగినట్టు కనిపిస్తే బ్రేకు మీద కాలు పెట్టాను. అంతే. కారు వెనక భాగం ఎవరో చేత్తో ఊడ్చినట్టు పక్కకి పోయింది. నేను స్టీరింగు తిప్పుతూనే ఉన్నాను, ముందు చక్రాలు నా మాట వింటూనే ఉన్నాయి, కారు మాత్రం నన్నే వెనక్కి తిప్పేసింది. గోడకి మీ బావ కూర్చున్న వైపు కొట్టుకుంది.

నాకు గీత కూడా పడలేదు. ఆయనకి తుంటి విరిగింది. రెండుచోట్ల. ఆపరేషను చేసి రాడ్డు వేశారు. తలుపు నొక్కుకుపోయి ఆయన్ని బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు బాగానే ఉన్నావుగా, నువ్వు బాగానే ఉన్నావుగా" అని అడుగుతూనే ఉన్నారు.

ఇంకేమీ రాయలేను.

అక్క

జూన్ 28

అక్కా,

మా ఆవిడ చెప్పినప్పటి నుంచీ అన్నం సయించడం లేదు. బావ ఎలా ఉన్నారు? నిలబడగలరా? డాక్టరు ఏమన్నాడు?

వెంటనే రావాలనుంది. మా ఆవిడ మోకాలు వాపు తగ్గగానే బయల్దేరతాను.

ఒక్క మాట అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. కొత్త టైర్లు రెండూ ఎక్కడ వేయించారు? ముందా, వెనకా?

నీ తమ్ముడు

జూలై 8

తమ్ముడూ,

ముందే వేయించాం. అరిగినవి ముందువే కదా. అదేం ప్రశ్న? టైర్లదేం తప్పు లేదురా, అవి బంగారం లాంటివి. తప్పు నాది.

మెకానిక్ నన్ను పక్కకి పిలిచి, "వానలో మలుపు మీద బ్రేకు కొట్టారేంటమ్మా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. నాకు మాత్రం అందరి ముందూ చెంపదెబ్బ తిన్నట్టయింది. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నాను. ఎవరికీ గీత పెట్టలేదు. పెట్టింది నా పక్కన కూర్చున్న మనిషికే.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

నడక నేర్పించే అమ్మాయి రోజూ వస్తుంది. నాలుగడుగులు వేసి కూర్చుండిపోతారు. ఇంకెప్పటికీ గంటల తరబడి నిలబడకూడదన్నాడు డాక్టరు. కటింగ్ మాస్టరుకి నిలబడొద్దంటే ఇంకేం మిగిలినట్టు?

నువ్వు రాకపోయినా ఫరవాలేదు. మరదల్ని చూసుకో.

అక్క

జూలై 15

అక్కా,

నిన్ను నువ్వు తిట్టుకోకు. వాన వాన. మొదటి వానకి రోడ్డు మీద నూనె తేలుతుంది, ఎంతటివాడికైనా జారుతుంది. గ్రహచారం అనుకోవాలి. బావకి ధైర్యం చెప్పు. కాల్షియం మాత్రలు పంపుతున్నాను.

మా ఆవిడ మోకాలు ఇంకా అలాగే ఉంది.

నీ తమ్ముడు

ఆగస్టు 19

తమ్ముడూ,

మాత్రలు అందాయి.

షాపు అప్పజెప్పేశాం. మీ బావ దగ్గర పదిహేనేళ్ళుగా పనిచేసిన కుట్టుపని అతనే తీసుకున్నాడు, మంచివాడే. మీ బావ అన్నీ ఇచ్చేశారు, పెద్ద కత్తెర కూడా. ఇచ్చేటప్పుడు వేళ్ళు పట్టే చోట గుడ్డతో తుడిచి మరీ ఇచ్చారు. ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చుని, కుడిచేతి బొటనవేలి మీది కాయని గోటితో గిల్లుకుంటూ కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కారు బాగై వచ్చింది. మెకానిక్ నాలుగు టైర్లూ కొత్తవే వేశాడు, అదే సైజు. దాని మీద గుడ్డ కప్పి ఉంచాను. నేనిక నడపను. ఒకసారి తాళం పెట్టాను, తిప్పకుండానే దిగిపోయాను. ఆసుపత్రికి ఆటోలో వెళ్తున్నాం. ప్రతి గతుక్కీ ఆయన పళ్ళు బిగపడతారు.

మొన్న ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను, "నన్ను క్షమించండి, నా చేతులతో మిమ్మల్ని ఇలా చేశాను" అని. "పిచ్చిదానా, లే" అన్నారు. నేను లేవలేదు. ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

నీకు కాక ఇంకెవరికి చెప్పుకుంటాను?

అక్క

ఆగస్టు 27

అక్కా,

ఈ ఉత్తరం చదివాక నువ్వు నాతో మాట్లాడకపోయినా నేనేమీ అనుకోను.

తప్పు నీది కాదు. వానదీ కాదు. పోయిన ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను.

రెండే కొత్త టైర్లు వేస్తే అవి వెనకే వేయాలి. పాతవాట్లో మంచివి ముందుకి మార్చాలి. ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరక్కుండా కాస్త నేరుగా పోతుంది, కాలు తీస్తే మళ్ళీ మాట వింటుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, ఎంత బాగా నడిపేవాళ్ళకైనా చేతిలో ఏమీ ఉండదు. నీ కారుకి ముందు కొత్తవి గట్టిగా పట్టుకున్నాయి, వెనక ఎనిమిదేళ్ళ బిరుసు రబ్బరు వదిలేసింది. నువ్వు బ్రేకు కొట్టడం తప్పు కాదు. ఆ మలుపులో నేనున్నా కొడతాను.

చాలామందికి ఈ సంగతి తెలియదు. అరిగిన చోటే కొత్తవి వేయమంటారు. మీ షాపతనికీ తెలిసి ఉండదు. నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు ప్రతి ఒక్కరికీ చెప్పాను. వినని వాళ్ళతో పోట్లాడాను.

నీకు మర్చిపోయి రాయలేదనుకుంటావేమో. మర్చిపోలేదు. రాశాను. ఏప్రిల్లో నీ రెండో ఉత్తరం వచ్చిన రోజే రెండు పేజీలు రాశాను. 'రెండే వేయిస్తే వెనక వేయించు' అని కింద గీత కూడా గీశాను. మంచినీళ్ళకి లేచి, వచ్చి నీ ఉత్తరం ఇంకోసారి చదివాను. 'టైర్ల వాళ్ళంతా ఇంతే, అంటగట్టాలని చూస్తారు' అన్న బావ మాట దగ్గర ఆగిపోయాను. నాలుగూ మార్చమన్నది నేనే కదా.

అక్కా, మీ పెద్దమ్మాయి పెళ్ళిలో బావ నన్ను పెళ్ళివారికి పరిచయం చేస్తూ, "మా బావమరిది, గాలి కొట్టే డిపార్ట్‌మెంట్" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు పన్నెండేళ్ళుగా నా గొంతులోనే ఉంది. నీ ఉత్తరం చదివిన రోజు అదంతా ఒక్కసారి పైకొచ్చింది. రెండు పేజీలూ చించేసి, ఇంకో కాగితం మీద ఆ నాలుగు ముక్కలూ గీకి పోస్టులో వేశాను.

నీకు కీడు జరగాలని అనుకోలేదు. నువ్వు ఇంకోసారి అడుగుతావనుకున్నాను. బావ చేత "వాణ్ణి సరిగ్గా కనుక్కో" అనిపించుకోవాలనుకున్నాను. అంతే నాకు కావలసింది. మే నెలలో 'వేయించేశాం' అని రాశావు. ముందా, వెనకా అని ఆ రోజే అడగొచ్చు. వానలు ఇంకా రాలేదు. ఆ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని కూడా పంతం పట్టి కూర్చున్నాను.

మా ఆవిడ మోకాలు జూన్‌లోనే తగ్గిపోయింది. మీ గుమ్మం తొక్కే మొహం లేక అది సాకు పెట్టుకున్నాను.

బావకి ఇది చదివి వినిపించు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చోవాల్సింది నువ్వు కాదు.

తమ్ముడు

సెప్టెంబరు 30

తమ్ముడూ,

నెల రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను, ఆపేస్తున్నాను.

'టైర్ల వాళ్ళంతా ఇంతే' అని మీ బావ అన్నది నీ గురించి కాదు. వీధి చివరి షాపతని గురించి. షాపు మెట్లు దిగుతూ అన్నారు. నువ్వు ఆయన మనసులో లేనే లేవు. నేనెలా రాశానో ఏమో. ఆ రోజు గుండీలు ఎదురుచూస్తున్నాయని గబగబా గీకేశాను. ఇంకొక్క ముక్క రాసి ఉంటే ఇదంతా ఉండేది కాదని నేనూ అనుకున్నాను, ఎన్నిసార్లో.

కానీ నువ్వు కాగితం చించినందుకు కాదు నా కోపం. కోపంలో మనుషులు ఏమైనా చేస్తారు. జూలైలో నేను 'ముందే వేయించాం' అని రాశానే, ఆ రోజు నీకు మొత్తం తెలుసు. తెలిసి, వాన అన్నావు, గ్రహచారం అన్నావు, కాల్షియం మాత్రలు పంపావు. ఆరు వారాలురా. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, నా తప్పు కాదని తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఊరుకున్నావు.

ఆయనకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు. తర్వాత, "గాలి కొట్టే డిపార్ట్‌మెంటా? నేనా? ఎప్పుడన్నాను?" అన్నారు. గుర్తే లేదు ఆయనకి. కాసేపటికి మళ్ళీ తనే, "అనే ఉంటాను. నేను అంటాను అలాంటివి" అన్నారు. ఆ రోజు అన్నం సగంలో లేచిపోయారు.

క్షమించానని రాయమని నువ్వు అడగలేదు. అడిగినా రాయలేను. ఇప్పుడప్పుడే కాదు.

మంగళవారాలు ఆయన్ని ఆసుపత్రిలో నడకకి తీసుకెళ్ళాలి. ఆటోలో ఆ గతుకులు ఇక ఆయన భరించలేరు. నేను మళ్ళీ నడపాలి. ముందు ఒకసారి ఆయన లేకుండా ఆ మలుపు దాటాలి. పక్కన ఒక మనిషి కూర్చోవాలి. నా తప్పు కాదని తెలిసిన మనిషి.

పన్నెండో తారీఖున రా. సలహాలు వద్దు. కూర్చో, చాలు.

అక్క

అక్టోబరు 16

అక్కా,

నిన్న ఇల్లు చేరాను. మీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ నోరు పెగల్లేదు, అందుకే రాస్తున్నాను.

గోడౌన్ల మలుపు దగ్గర నువ్వు రెండో గేరులోకి దిగి తిప్పుతుంటే నేను నీ చేతులే చూశాను. గోడ మీద మీ కారు నీలం రంగు చార ఇంకా ఉంది. నువ్వు దాన్ని చూడలేదు, రోడ్డునే చూశావు. అవతల కారు ఆపి, తల స్టీరింగుకి ఆనించి అలా ఉండిపోయావు. నీ వీపు మీద చెయ్యి వేద్దామనుకున్నాను. వేయలేకపోయాను. తర్వాత నువ్వే బండి తిప్పి, మళ్ళీ అదే మలుపులో ఇంకోసారి వచ్చావు.

ఒక సంగతి నీకు తెలియదు. సాయంత్రం నువ్వు మందుల షాపుకి వెళ్ళావు కదా, అప్పటిది. బావా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు చెబుదామని "బావా..." అన్నాను. ఆయన నా చొక్కా వంక చూస్తున్నారు. "భుజం దిగిపోయింది. ఎవడు కుట్టాడిది?" అన్నారు.

"రెడీమేడు, బావా."

"అదీ సంగతి." కుర్చీ పక్కన చెయ్యి పెట్టి తడిమి టేపు తీశారు. "ఇలా రా. పక్కింటావిడ మిషను మీ అక్క కొనేసింది. కూర్చుని కుట్టేది ఏదన్నా ఉండాలిగా నాకు."

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన చెయ్యి నా భుజం దాకా అందలేదు. లేవడానికి కుర్చీ చేతులు పట్టుకున్నారు, సగం లేచి ఆగిపోయారు. మొహం పాలిపోయింది. నేను గబుక్కున ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. భుజాలు కొలిచారు, మెడ కొలిచారు, చెయ్యి కొలిచారు. ఒక్కో కొలతా రెండుసార్లు కొలిచారు. అంత దగ్గరగా ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. బాగా పెద్దవాడైపోయారక్కా. నేను ఏడుస్తున్నానని తెలిసినా తెలియనట్టే, "కదలకు, కొలత తప్పుతుంది" అన్నారు.

నీ చెప్పుల చప్పుడు వినిపించిందన్నారు ఆయన. నాకెలాగూ వినపడదు. నేను లేచి కుర్చీలో కూర్చున్నాను.

నీ తమ్ముడు